కేక పెట్టేవాడి పోస్టు

దానయ్య వేళ్ళు వంకర పోయాయని అందరూ వాతాన్ని తిడుతున్నారు. తిట్టకండి. వాతం చేసింది వేళ్ళ దాకానే. ఆ మనిషిని పనికిమాలినవాడని తేల్చింది వాతం కాదు, మీరు. రైలు పట్టాని ఫస్టు క్లాసు కిటికీలోంచి తప్ప చూడని ఆఫీసు పెద్దలూ, మీరు. చెయ్యి తెరువు అని ఒకసారి, చెయ్యి ముయ్యి అని ఒకసారి అని, మూడో మాట అడక్కుండా అన్‌ఫిట్ అని కొట్టేసిన డాక్టరూ, మీరు. కార్మిక సంఘం పేరు చెప్పుకుని తిరిగే సెక్రటరీలూ, మీరు కూడా. కాలనీ అరుగుల మీద కూచుని, ‘పోనీలే, గేటు పని దొరికింది, అదృష్టవంతుడు’ అని చప్పరించిన ఇరుగుపొరుగులూ, మీరు మాత్రం తక్కువ తిన్నారా? చేతులు పోతే మనిషంతా పోయినట్టే మీకు. మిగిలిన మనిషి వైపు ఒక్కరైనా తిరిగి చూశారా?

జరిగింది ఇది. వినండి.

దానయ్య రాయ్‌పూర్ స్టేషను దాటాక ధర్సీవా వైపు మెయిన్ లైను మీద గ్యాంగులో పనివాడు. గ్యాంగు పనంటే తెలియనివాళ్ళకి ఒక మాట. బళ్ళు పరిగెత్తే కొద్దీ పట్టా పక్కకి జరుగుతుంది, కిందికి కుంగుతుంది. గ్యాంగంతా వరసగా నిలబడి, పట్టా కిందికి సబ్బల్ అనే గడ్డపారలు దూర్చి, ఒక్కసారిగా బలం పెడితేనే అది మళ్ళీ తన చోటికి వస్తుంది. ఒక్కసారిగా. ఒకడు ముందూ ఒకడు వెనకా అయితే కదిలేది పట్టా కాదు, నడుములు.

ఈ పని దానయ్య కుర్రతనం నుంచీ చేశాడు. బాగానే చేశాడు. రైలు కంపెనీ రోజుల్లో చేశాడు, కంపెనీ పోయి సర్కారు వచ్చాకా చేశాడు. దొర టోపీ పోయి గాంధీ టోపీ వచ్చింది గాని గడ్డపార బరువు తగ్గలేదు. నలభై దాటాయో లేదో, వేళ్ళకి వాతం పట్టుకుంది. ముందు కుడిచెయ్యి, తరవాత ఎడమది, ఆ తరవాత మోకాళ్ళు. తెల్లారి లేచేసరికి వేళ్ళు కర్రముక్కలు. కణుపులు చింతపిక్కల్లా పొంగిపోయి గుప్పిట మూసుకోదు. చొక్కా గుండీ అతని భార్య సూరమ్మ పెట్టాలి. చలికాలమైతే చెంబు కూడా ఆమే ఎత్తి ఇవ్వాలి. వావిలాకు వేసి కాచిన నీళ్ళల్లో చేతులు ముంచుకుని కూచుంటే పొద్దెక్కేసరికి కాస్త సడలేవి. రైల్వే ఆసుపత్రి కాంపౌండరు సీసాలో తెల్లమందు పోసి ఇచ్చేవాడు. దగ్గుకీ అదే, కడుపునొప్పికీ అదే, కీళ్ళవాతానికీ అదే.

మొదట్లో పళ్ళు బిగించి లాక్కొచ్చాడు. ఒకరోజు పట్టా సగం ఎత్తులో ఉండగా చేతులు తమంతట తామే విడిపోయాయి. పక్కవాళ్ళు ఆపుకున్నారు కాబట్టి సరిపోయింది. దానయ్య గట్టు మీద కూలబడి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

అప్పుడు సత్తిరాజు అన్నాడు. సత్తిరాజు సూరమ్మ తమ్ముడు, అదే గ్యాంగు. నోరు తిన్నగా ఉండని మనిషి.

“బావా, సబ్బల్ వదిలీ. సేతులు లేకపోతే ఏటయినాది? నోరుంది గదా! అక్కడ కూకుని కేకెట్టు. మా అక్కని తిట్టినపుడు బాగానే లెగుస్తాది గదా ఆ గొంతుక!”

“నవ్వులాటకి ఇదా ఏలా? పరువు తీసీకురా, సత్తీ.”

“పరువు మజ్జాన్నం సూసుకుందాం. ముందు పట్టా లెగనీ” అన్నాడు గ్యాంగు మేస్త్రీ రామయ్య. “దానయ్యా, కేకెట్టు. నాను అరిసి అరిసి నా గొంతు తగలడిపోయింది.”

దానయ్య తండ్రి శ్రీకాకుళం సముద్రపొడ్డున వల లాగిన మనిషి. ఒడ్డున జనం బారులు తీరి పెద్దవల లాగుతుంటే, ముందున్నవాడు ఒక మాట కేకేసేవాడు, వెనకాల అందరూ అందుకునేవాళ్ళు. చిన్నప్పుడు విన్న ఆ వరస ఎక్కడ దాక్కుందో, ఆ పూట దానయ్య నోటికి వచ్చింది. మాటలు మాత్రం అప్పటికప్పుడు పుట్టినవి.

“పట్టర తమ్ముడ గట్టిగ...” 

“హైసా!”

“పట్టాలమ్మకి బద్ధకం...” 

“హైసా!”

“మేస్త్రీ మీసం మెలి తిరిగే...” 

“హైసా!”

“మేనత్త పిల్లకి సిగ్గొచ్చే...” 

“హైసా!”

నవ్వులాటగా మొదలైంది. మీసం దగ్గరికి వచ్చేసరికి పట్టా లేచింది. రామయ్య మీసం తడుముకుంటూ, “ఆరి నీ యమ్మ కడుపు కాలా!” అన్నాడు, అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

అయితే అంత సులువుగా కుదరలేదు. గ్యాంగులో సగం మనవాళ్ళు, సగం ఆ చుట్టుపట్ల ఛత్తీస్‌గఢీ వాళ్ళు. తెలుగువాళ్ళు కేక మొదట్లో బలం పెడతారు. వాళ్ళు కేక తోక దగ్గర పెడతారు. దాంతో పట్టా ఒక చివర లేచి ఒక చివర పడుకునేది. “ఈళ్ళకి పని రాదు” అని మనవాళ్ళు, “తెలంగీ లోగులకి తొందర ఎక్కువ” అని వాళ్ళు. ఏళ్ళ తరబడి ఇదే రాద్ధాంతం. వాళ్ళు సోమరులని రామయ్య కూడా నమ్మాడు. మన కాలనీ మొత్తం నమ్మింది. పక్క పేటలో, వాళ్ళ మాటలో పాడాలో, ఉండే మనుషుల గురించి మనకి తెలిసింది అంతవరకే, సిగ్గుపడండి.

దానయ్య మాత్రం, గట్టు మీద నిలబడి అందరినీ ఒకేసారి చూడటం మొదలుపెట్టాక, ఒక సంగతి గమనించాడు. వాళ్ళు బలం తక్కువ పెట్టడం లేదు. వేరేచోట పెడుతున్నారు. ఆ సంగతి బుధరామ్‌ని అడిగాడు. బుధరామ్ గ్యాంగులోకెల్లా పొడుగైన మనిషి, మన కాలనీ అంటరానివాళ్ళంటూ దూరం పెట్టే సత్నామీ.

“భైయా, మా పాడాకి ఆదివారం రా. మాందర్ డోలు వాయిస్తాం. కాలు ఎక్కడ పడుతుందో చూడు. నేను చెబితే తెలియదు” అన్నాడు బుధరామ్.

దానయ్య వెళ్ళాడు. పంథీ చిందు ఆడేవాళ్ళు గుండ్రంగా తిరుగుతుంటే, డోలు మీద దెబ్బ పడ్డాక, దాని చివర కాలు పడటం చూశాడు. పొద్దు వాలేదాకా కూచున్నాడు. బుధరామ్ తల్లి పెట్టిన బాసీ, అంటే చద్దన్నం, తిన్నాడు. ఇంటికి వచ్చేసరికి కబురు ముందే వచ్చేసింది.

“సత్నామీలింట కూడు తిన్నావటగదా మావా!” అంది సూరమ్మ గుమ్మంలోనే. “బంగారమ్మత్త కుళాయి కాడ అందరి ముందరా అడుగుతంది. నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?”

“నా సేతులకి నువ్వు కాపడం పెట్టినావు. ఆ ముసిల్ది నాకు ముద్ద కలిపి పెట్టింది. ముద్ద పట్టుకోలేకపోతంటే సూసి. బంగారమ్మని అడుగు, ఆవిడైతే పెడతాదేటో!”

సూరమ్మ నోరు మూసుకుంది. మర్నాడు కుళాయి దగ్గర బంగారమ్మ కూడా మూసుకుంది. సూరమ్మ ఏమందో తెలియదు గాని, బిందె మాత్రం సొట్ట పడి వచ్చింది.

దానయ్య కొత్త కేక కట్టాడు. ముందు సగం తెలుగు, చివర ఛత్తీస్‌గఢీ. బలం ఇద్దరికీ ఒకే చోట పడేలా మాటని సాగదీశాడు.

“వంకర పట్టా వయ్యారీ... థోర్‌కిన్ సరక్ రే సంగీ...”

“హైసా!”

థోర్‌కిన్ సరక్ రే సంగీ అంటే కొంచెం జరగరా నేస్తం అని. పట్టా జరిగింది. రెండు చివరలా ఒకేసారి జరిగింది. మనవాళ్ళూ వాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పట్నుంచి దానయ్య వేరే మనిషి. పొద్దున్న వావిలాకు నీళ్ళల్లో చేతులు పెట్టుకుని కూచుని పెదాలు కదుపుతూ ఉండేవాడు. ఎవరు మందకొడిగా ఉన్నారు, ఎవరింట్లో గొడవ అయింది, ఎవరికి కొడుకు పుట్టాడు, అన్నీ కేకలోకి వచ్చేవి. పొద్దుటి కేక నెమ్మదిగా, ఎండెక్కాక పొట్టిగా, సాయంత్రం అలసిపోయినప్పుడు బూతు కలిపి. ఎవడికి ఊపిరి అందలేదో చూసి ఒక పాదం ఆగేవాడు. నొప్పి లేదా? ఉంది. మోకాళ్ళు గట్టు మీద నిలబడనిచ్చేవి కావు. కర్ర చంకలో పెట్టుకుని నిలబడేవాడు. కాని పనికి వెళ్ళాలని తనంతట తనకే మెలకువ రావడం, ఉద్యోగంలో చేరాక దానయ్యకి అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఒళ్ళు అమ్ముకుని బతికాడు. ఇప్పుడు పని చేస్తున్నాడు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్ళు ఈ కథ ఇక్కడితో ఆపెయ్యవచ్చు.

ఇక తప్పు సంగతి. ఆ తప్పు గ్యాంగంతా కలిసి చేసింది.

రైల్వే దృష్టిలో దానయ్య గ్యాంగు పనివాడు, గడ్డపార పట్టాలి. పట్టలేనివాడు డాక్టరు ముందుకి వెళ్ళాలి. అందుకని ఇన్‌స్పెక్టరు ట్రాలీ దూరంగా కనబడగానే సత్తిరాజు ఈల వేసేవాడు. దానయ్య గట్టు దిగి వచ్చి వరస మధ్యలో దూరేవాడు. అటు సత్తిరాజు, ఇటు బుధరామ్. చేతిలో ఒక గడ్డపార పెట్టేవాళ్ళు. పట్టా కింద దాని మొన ఆనీ ఆనకుండా ఉంచి, దానయ్య మొహం మాత్రం ఎర్రగా పెట్టేవాడు. “మూలుగు బావా, మూలుగు. పెళ్ళాం పురుడు పోసుకుంటన్నంత మూలుగు” అని సత్తిరాజు గుసగుస. ట్రాలీ వెళ్ళిపోయాక గ్యాంగంతా పొట్ట పట్టుకుని నవ్వుకునేది. ప్రేమతోనే చేశారు. భయంతో కూడా చేశారు. దొరని మోసం చేశామని సంబరపడ్డారు. ఎవరిని మోసం చేశారో చూసుకోలేదు. మన కాలనీలో ప్రతి ఇంటా ఇదే తంతు కదా! కళ్ళు మసకబారిన డ్రైవరు అట్ట మీది అక్షరాలు ముందే బట్టీపట్టి పరీక్షకి వెళ్తాడు. చెవులు పోయిన పాయింట్స్‌మన్ పెదాలు చూసి తలూపుతాడు. దాచడం మనకి అలవాటైపోయింది.

చలికాలంలో ముసురు పట్టింది. ఆంధ్ర రాష్ట్రం ఇచ్చారని కాలనీలో మిఠాయి పంచుకున్న ఏడు అది. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు, బిలాస్‌పూర్ నుంచి. చెడ్డవాడేమీ కాదు. తొందర మనిషి. వంపు దగ్గర పట్టా కుంగింది, మెయిలు వచ్చేలోగా ఎత్తాలన్నాడు. ట్రాలీ దిగి, గొడుగు వేసుకుని, అక్కడే నిలబడ్డాడు. వెళ్ళలేదు.

దానయ్య వరసలో ఇరుక్కుపోయాడు. చల్లటి ఇనుము తగిలి వేళ్ళు అసలు తెలియడం లేదు. అలవాటు ప్రకారం వరసలోంచే కేక అందుకోబోయాడు.

“ఈ నాటకం పాటలేమిటి? మేస్త్రీ, ఏక్ దో తీన్ అను చాలు” అన్నాడు ఇన్‌స్పెక్టరు హిందీలో.

రామయ్య అన్నాడు. మనవాళ్ళు మాట మొదట్లో ఎత్తారు, బుధరామ్ వాళ్ళు చివర ఎత్తారు. పట్టా అటోసారి ఇటోసారి ఊగి, బరువంతా మధ్యకి వచ్చి పడింది. ఆనీ ఆనకుండా ఉండవలసిన దానయ్య గడ్డపార మీద పడింది. ఆ చేతులకి అది ఆగుతుందా? గడ్డపార ఎగిరి సత్తిరాజు మోకాలి కింద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వానలో కూడా వినబడింది.

“ఎవడి సబ్బల్ అది?” ఇన్‌స్పెక్టరు గొడుగు పారేసి పరిగెత్తుకొచ్చాడు.

రామయ్య తడుముకోకుండా చెప్పాడు. “ఆడిదే సాబ్. సత్తిరాజుదే. సెయ్యి జారీసింది.” 

పడి ఉన్న సత్తిరాజు కూడా తలూపాడు. అంత నొప్పిలోనూ బావని దాచాడు.

సత్తిరాజుదే తప్పని రాస్తే సత్తిరాజుకి నష్టపరిహారం రాదు, పైగా శిక్ష. ఆ మాట ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

“అబద్ధం సాబ్. సబ్బల్ నాది” అన్నాడు దానయ్య. రెండు చేతులూ ముందుకి చాపాడు. “ఇగో, ఈ సేతుల్ది. ఇవి మూసుకోవు. శానా నాళ్ళయి మూసుకోవు.”

ఆ పైన జరిగింది మీకు తెలిసిందే. డాక్టరు ముందుకి పంపించారు. తెరువు, ముయ్యి, అన్‌ఫిట్. ఇన్నాళ్ళూ ఏం పని చేశావు, ఎలా చేశావు అని డాక్టరు అడగలేదు. అడిగి ఉంటే దానయ్య చెప్పేవాడు, చెప్పాలనే నోరు తెరిచాడు కూడా. నోరు తెరిచింది చూసి డాక్టరు నాలుక పరీక్ష చేశాడు.

సంఘం సెక్రటరీ సూర్యారావు ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పేపరు.

“దానయ్యా, గండం గట్టెక్కింది. కాళ్ళా వేళ్ళా పడి నీకు గేటు వేయించాను. అభన్‌పూర్ వైపు, చిన్న లైను మీద. రోజుకి ఇటో బండి అటో బండి. కూర్చుని తినడమే. ఇల్లు కూడా ఇస్తారు.”

“మరి కేక సంగతి సెప్పినావా బాబూ?”

“కేకేమిటి?”

“గ్యాంగులో కేకెట్టడం. నాను సేసే పని.”

సూర్యారావు నవ్వాడు. “అదో పోస్టా నాయనా! అరుపులకి రైల్వే జీతం ఇస్తే మా ఆవిడ స్టేషన్ మాస్టరు అయిపోయి ఉండును.”

సూరమ్మ కూడా నవ్వింది. దానయ్య నవ్వలేదని చూసి ఆపేసింది.

మర్నాడు మొగుడూ పెళ్ళాం గేటు చూడటానికి వెళ్ళారు. రోడ్డు మీద గేటు, పక్కన చిన్న ఇల్లు, వెనక ఆనపపాదుకి సరిపోయే జాగా. సూరమ్మ మొహం వెలిగింది. రిటైరవుతున్న గేట్‌మన్ పని చూపించాడు. గేటుకి ఇనుప గొలుసు ఉంది, దాన్ని ఎత్తి కొక్కేనికి తగిలించాలి, గడియ లాగాలి. దానయ్య రెండు అరచేతుల మధ్య గొలుసు పట్టుకుని ఎత్తబోయాడు. సగం దాకా వచ్చి జారిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ జారింది. కూర్చుని తినే పనట! చేతులు లేనివాడికి చేతుల పని ఇచ్చి, చేతుల్లేకుండా చేసే పని తీసేసుకున్నారు. దయ అంటే ఇదీ మీ దయ.

సూరమ్మ గొలుసు అందుకుని ఒక్క ఊపులో తగిలించింది.

“నానేస్తాను మావా గేటు. నువ్వు మంచం మీద కూకో. ఎవలడుగుతారు?”

“నా పేరు మీద నువ్వు గేటేస్తావు. మంచం మీద కూకోడానికి నానెందుకు?”

“బతికుండడానికి! గుంటలకి తండ్రుండడానికి! నీకు నొప్పొస్తే రేత్రి నాను లెగుస్తన్నాను, గ్యాంగోళ్ళు లెగడం లేదు.”

ఆమె అన్నది న్యాయమే. అప్పుడే ఒక ఎద్దుబండి వచ్చింది, ధాన్యం బస్తాలతో. పట్టాల మధ్య చక్రం దిగబడింది. బండివాడూ దారిన పోయేవాళ్ళూ తోస్తున్నారు, ఒకడు ముందూ ఒకడు వెనకా. దానయ్య నోరు తెరిచి కేక పెట్టేశాడు. వాళ్ళు తోయడం ఆపి తిరిగి చూశారు. “ఏ బుడవా, ఏ ముసలోడా, నాచా నాటకాల పార్టీవాడివా?” అని ఒకడు నవ్వాడు. మరోసారి పెట్టాడు, ఈసారి వాళ్ళ భాషలో. నవ్వుతూనే తోశారు. చక్రం లేచింది. బండి వెళ్ళిపోయింది. ఎవరూ వెనక్కి చూడలేదు.

సూరమ్మ మాత్రం మొగుడి మొహం చూసింది. చాలాసేపు చూసింది. ఆనపపాదు జాగా వైపు మళ్ళీ చూడలేదు.

“ఇంటికి పోదాం పద” అంది.

దారిలో ఆసుపత్రికి వెళ్ళారు. సత్తిరాజు కాలికి కట్టు కట్టి పైకి వేలాడదీశారు. వాడు తిడతాడనే దానయ్య అనుకున్నాడు. తిట్టాడు.

“నా కాలు ఇరగ్గొట్టి గేటు సంపాదించినావంట గదా బావా! ఆనపకాయలు పంపుతావేటి మాకు?”

“నీ కాళ్ళు పట్టుకోవాలిరా సత్తీ.”

“ఒకటే పట్టుకో. రెండోది డాక్టరు దగ్గరుంది.” నవ్వి, నొప్పికి మొహం చిట్లించాడు. తరవాత గొంతు తగ్గించాడు. “బుధరామ్ వచ్చినాడు. రామయ్య మేస్త్రీ ఏక్ దో తీన్ అంటన్నాడంట, సావుకి ఏడిసినట్టు. నడుము పట్టీసి ఇద్దరు మంచమెక్కినారు. బావా, మనం ఎదవ పని సేసినాం. దొంగసొత్తు దాసినట్టు నిన్ను దాసినాం. నువ్వు దొంగసొత్తువేటి? మొదట్నాడే దొర ముందర నిలబెట్టి, ఇగో ఈడు మా కేకెట్టేవోడు, ఈడు లేకపోతే మేం ఎత్తం అని అడగాల్సింది. అడిగుంటే నా కాలు నాకుండేది.”

దానయ్య బయటికి వచ్చాక సూరమ్మతో ఒకే మాట అన్నాడు. “గేటు వద్దు.” 

ఆమె కొంగు నోట్లో పెట్టుకుని కాసేపు నడిచింది. “వద్దంటే ఉద్దోగం పోతాది.” 

“పోతాది.” 

“అయితే రేపు గుండీలు గట్టిగా పెడతాను. దొర ముందర ఊడిపోకండా.”

మర్నాడు వంపు దగ్గర ఇంకా పట్టా పని మిగిలే ఉంది. ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద కూచుని చూస్తున్నాడు. సంగతి తెలిసి సూర్యారావు కూడా ఆయాసపడుతూ వచ్చాడు. దానయ్య కర్ర ఆనుకుని తిన్నగా ఇన్‌స్పెక్టరు ఎదట నిలబడ్డాడు. వెనకాల గ్యాంగు.

“సాబ్, గేటు నాకొద్దు. ఈ సేతులు గొలుసెత్తవు, సబ్బలెత్తవు. ఇన్నాళ్ళూ దాసినాను, అది తప్పు. ఇంక దాయను. కేకెట్టడం నాకొచ్చు. అది పని. ఆ పనికి నన్నుంచండి.”

“దానయ్యా, పిచ్చెక్కిందా?” సూర్యారావు చెయ్యి పట్టి లాగాడు. “రూల్లో లేనిది అడిగితే ఉన్నది కూడా ఊడుతుంది.”

“రూల్లో ఉన్నదే అడగడానికయితే నువ్వెందుకు బాబూ? రూలు పుస్తకం సాలదా?” అన్నాడు రామయ్య. ఆయన అంత మాట అంటాడని ఎవరూ అనుకోలేదు, ఆయనతో సహా.

ఇన్‌స్పెక్టరు దానయ్య చేతులకేసి చూశాడు. “నాకు తెలియదనుకుంటున్నావా? వారం రోజులుగా చూస్తున్నాను, పని సాగడం లేదు. కాని అలాంటి పోస్టు లేదు. నేను సృష్టించలేను. పైవాళ్ళు చెయ్యాలి.” 

“పైవోళ్ళకి రాయండి.” 

“రాస్తాను, చూద్దాం. ముందు ఈ పూట కేక పెట్టు. బండి వచ్చే వేళయింది.”

అందరూ గడ్డపారలు దూర్చారు. అందరూ దానయ్య వైపు చూశారు. కేక గొంతు దాకా వచ్చింది. నాలుక మీద కూచుంది. పట్టా కళ్ళ ముందే వంకరగా పడి ఉంది, ఏ మాటకి కదులుతుందో అతనికి తెలుసు. అంతకంటే ఇష్టమైన పని ఈ లోకంలో అతనికి లేదు. ఒక్కసారి పెడితే చాలు, చూద్దాం అనే మాట మీద ఇంకో ఏడాది గడిచిపోతుంది. మళ్ళీ ఈల, మళ్ళీ వరస మధ్యలో దూరడం.

దానయ్య నోరు మూసుకున్నాడు. గుప్పిట మూసుకోవడం కంటే అది కష్టమైంది.

“నఇ సాహెబ్, కుదరదు” అన్నాడు బుధరామ్. “ముందు రాయండి. రాసింది చదివి వినిపించండి. తరవాత కేక.”

ఇన్‌స్పెక్టరు కోపంగా ఏక్ దో తీన్ అని తనే అరిచాడు. గ్యాంగు ఎత్తింది. పట్టా ఊగి ఊగి పడుకుంది. కావాలని చేశారా? కొందరు చేసే ఉంటారు, అంత పూజ్యులేం కారు. ఇంకోసారి అరిచాడు. దూరాన సిగ్నలు దగ్గర బండి కూత పెట్టి ఆగింది. మళ్ళీ కూత పెట్టింది. ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద కూచుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. ఈ గ్యాంగుకి కేక పెట్టే మనిషి ఒకడు అవసరమనీ, దానయ్యని ఆ పనిలో నియమించాలనీ, గేటు పని అతని చేతులకి కుదరదనీ. చదివి వినిపించాడు. సంతకం పెట్టాడు.

అప్పుడు దానయ్య గట్టెక్కాడు. ఆ కేక ఆగిన బండి డ్రైవరుకి కూడా వినబడిందని చెప్పుకుంటారు. అది అబద్ధమైనా కావచ్చు. పట్టా లేచింది మాత్రం నిజం.

ఆ సిఫార్సు పైకి వెళ్ళింది. జవాబు రాలేదు. దానయ్యకి మిగిలిన సెలవు ఈ నెలాఖరుతో సరి. ఆ తరవాత గేటుకి వెళ్ళాలి, లేదా క్వార్టరు ఖాళీ చేసి వీధిలో పడాలి. ఈలోగా రోజూ కర్ర ఊతంతో గట్టు మీదికి వెళ్తున్నాడు, కేక పెడుతున్నాడు, సెలవులో ఉన్న మనిషి.

ఆఫీసు పెద్దలూ, ఆ కాగితం మీ బల్ల మీద ఉంది. దాని మీద నుంచి టీ గ్లాసు తియ్యండి. నెలాఖరు లోపల పోస్టు పెట్టండి. దయ అని రాయకండి, తేలిక పని అని రాయకండి, పని అని రాయండి, పూర్తి జీతం రాయండి. డాక్టరూ, ఏం చెయ్యలేవు అని అడిగాక, ఏం చెయ్యగలవు అని కూడా అడుగు, దాన్ని కూడా రాయి. సూర్యారావూ, ఇస్త్రీ చొక్కా విప్పి గ్యాంగు గ్యాంగుకీ నడు, ఈ ఒక్క కోరిక మీద అందరి వేలిముద్రలూ పట్టుకురా, పట్టుకుని బిలాస్‌పూర్ ఆఫీసు మెట్ల మీద కూచో. ఇక కాలనీవాళ్ళు. మీ ఇంట్లో చెయ్యి దాచుకుంటున్నవాడు, కన్ను దాచుకుంటున్నవాడు, మోకాలు దాచుకుంటున్నవాడు ఉన్నాడు. లేడనకండి. రేపు పొద్దున్న వాణ్ణి వెంటబెట్టుకుని వంపు దగ్గరికి రండి. వాడికి వచ్చిన పని ఏమిటో దొర ముందు గొంతెత్తి చెప్పించండి, ఆ పని ఇమ్మని అడగండి. ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.